పదకొండో గడి

నేను ఎలాంటి లాయర్నో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని కర్ణాటకలో ఉన్న మా పావగడలో ఇప్పటికీ సగం మందికి అర్థం కాలేదు. విడాకుల కేసులు పట్టను. గట్టు తగాదాలు పట్టను. బెయిళ్ల జోలికి అసలే పోను. మా నాన్న అంగడికి సరుకులకు వచ్చే పెద్దవాళ్లు బెల్లం తూకం వేయించుకుంటూ, నా ఆఫీసు మెట్ల వైపు చూసి, పాపకు కేసులు దొరకవా ఏంది అని జాలిపడతారు. మా నాన్నకు ఆ జాలి గిట్టదు. మా పాప ఒక్కరి కేసు ముట్టుకోదు, వందమంది వస్తేనే ముట్టుకుంటాది అని గొప్పగా చెబుతాడు. అది విన్నాక వాళ్లకు జాలి ఇంకాస్త పెరుగుతుంది.

ఆయన చెప్పేది నిజమే. ఏదో ఒక కంపెనీ వందల మంది దగ్గర తలా కొంత డిపాజిట్టు కట్టించుకుని ఒకరోజు చేతులెత్తేస్తుంది. ఒక్కొక్కరికి పోయింది కోర్టు చుట్టూ తిరగడానికి కూడా చాలదు. అందుకని ఎవరికి వాళ్లు ఇంట్లో కూర్చుని ఏడ్చి ఊరుకుంటారు. కంపెనీవాళ్ల ధైర్యమంతా అదే. నేను ఆ ఏడ్చేవాళ్లందరినీ కూడగట్టి, అందరి తరఫునా ఒకే దావా వేస్తాను. బెంగళూరులో కొన్నేళ్లు షేర్ల కంపెనీల మీద ఇలాంటి కేసులే చూశాను. అక్కడ నా క్లయింట్ల ముఖాలు చూసేదాన్నే కాదు, అంతా ఈమెయిళ్లే. ఇక్కడ క్లయింట్లు శెనక్కాయల సంచితో సహా మెట్లెక్కి వస్తారు. శనివారాలు మాత్రం రారు. ఆ రోజు శనిమహాత్మ గుడికి వచ్చిన జనంతో బజారులో కాలు పెట్టే చోటుండదు.

నేను చెప్పబోయే కేసు సోలార్ పార్కు లోపలి ఊరిది. రాయచెర్లు దాటి వెళ్లాలి, అంతవరకు చాలు, ఊరి పేరు వద్దు. ఎందుకు వద్దో చదివితే మీకే తెలుస్తుంది.

ఆ ఊళ్లో భూములన్నీ సోలార్ పలకల కిందికి పోయి, ఏటా కౌలు డబ్బు బ్యాంకులో పడడం మొదలైంది. వాన కోసం ఆకాశం వైపు చూసే పని తప్పింది. అట్లాంటి ఊరికి ఎవరొస్తారు? కోట్లు వేసుకున్నవాళ్లు వస్తారు. ఇంకోచోట ఇంతకంటే పెద్ద పార్కు కడుతున్నామని, అందులో బాండ్లు కొంటే ఏటా ఇంతని ఇస్తామని చెప్పారు. బాండు మీద రంగుల్లో సోలార్ పలకల బొమ్మ. వేరే ఊళ్లలో అయితే జనం కనీసం, అసలు ఎండతో డబ్బెట్లా వస్తుందయ్యా అని అడిగేవాళ్లు. వీళ్లకు ఆ అనుమానమే రాలేదు. గడపలో నిలబడితే చాలు, కనుచూపు మేర పలకలే. నేను చూసిన మిగతా కేసుల్లో జనం మాటలు నమ్మి మోసపోయారు. ఈ ఊరివాళ్లు కళ్లతో చూసి మరీ మోసపోయారు.

ఒక ఏడాది చెప్పినట్టే ఇచ్చారు. రెండో ఏడాది బెంగళూరులో వాళ్ల ఆఫీసుకు తాళం పడింది. నేను నోటీసు పంపిస్తే కంపెనీ లాయరు జవాబు రాశాడు: ఆ ఊరు ఎక్కడుందో మాకు తెలియదు, అక్కడ మాకు ఏజెంటు ఎవరూ లేరు, ఆ బాండ్లు ఎవరో దొంగగా అచ్చు వేసుకున్నవి. చదివి ఆ కాగితాన్ని గోడకేసి కొట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా అమ్మ పోలిక. కానీ కోపం తగ్గాక చూస్తే, వాళ్లు గట్టి చోటే పట్టుకున్నారు. కంపెనీ తరఫున ఆ ఊళ్లో డబ్బు తీసుకున్న మనిషి ఎవరో మేం చూపించాలి. చూపించలేకపోతే అరవై ఇళ్ల బాండ్లూ రంగు కాగితాలే.

తుమకూరులో ఇలాంటి మోసాలు విచారించే అధికారి ముందు వేయాల్సిన దరఖాస్తులు అరవై పైచిలుకు అచ్చు వేయించుకుని, ఆ ఊరి బడి వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరూ బాండు తెచ్చి చూపించాలి, నేను నంబరు రాసుకోవాలి. ఆ నంబరు కనిపిస్తే కదా. బాండు ఇంటికి రాగానే ప్రతి ఇల్లాలూ దానికి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి పటం వెనక దాచింది. కంపెనీవాడు నంబరు అచ్చు వేసింది సరిగ్గా కుడి మూలలో. దూదీ కొబ్బరినూనే తెప్పించుకుని, లక్ష్మీదేవికి క్షమాపణ చెప్పుకుంటూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మూలలు తుడిచాను. ఇంటికి వెళ్లేసరికి వేళ్లన్నీ పసుపే, ఎవరి పెళ్లికి వెళ్లొచ్చావని మా నాన్న అడిగాడు.

నంబర్ల దాకా నవ్వులతో నడిచింది. పదకొండో గడి దగ్గర నవ్వులు ఆగిపోయాయి. 'డబ్బు ఎవరి చేతికి ఇచ్చారు?' అన్నది ఆ గడి. మొదటి ఆయన్ని అడిగితే నీళ్లు తాగి వస్తానని వెళ్లి మళ్లీ రాలేదు. రెండో ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. మూడో ఆయన, ఆ ఒక్క గడీ మేమే నింపి పంపుతాం మేడం, మీరెందుకు కష్టపడేది అన్నాడు. నాతో పోట్లాడి ఫీజు తగ్గించుకున్న మనిషి నా కష్టం గురించి మాట్లాడుతున్నాడంటే అప్పుడే అనుమానపడాల్సింది. పడలేదు. ఎండ మండిపోతోంది, నాకు ఆకలిగా ఉంది.

నాలుగో మనిషి ఒక అవ్వ. ఆమె మాత్రం కదలకుండా కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. భూమి పలకల కిందికి పోయాక మేత లేక గొర్రెల మందనంతా అమ్మేసింది. తర్వాత వచ్చిన కౌలులో నుంచే బాండు కొన్నది. ఆ డబ్బు వెనక్కి వస్తే మళ్లీ ఐదారు గొర్రెలు కొనుక్కుని, పార్కు కంచె పక్కన బీడులో మేపుకుంటానంటుంది. వడ్డీ గురించి ఒక్క మాట అడగలేదు. "పొద్దన్నే లేస్తానా, లేసి ఏం చేయాల్నో తెల్దు పాపా" అంది. అరవై దరఖాస్తుల్లో నాకు గుర్తుండిపోయిన మాట అదే. ఎలాగైనా సరే ఈమెకు గొర్రెలు కొనిపెట్టాలి అని ఆ వరండాలో మనసులో అనుకున్నాను. లాయర్లు అట్లా అనుకోకూడదు.

ఆమే అడిగింది, ఆ గడిలో ఎవరి పేరు రాస్తే వాళ్లకేమవుతుందని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మనిషికి నోటీసు పోతుంది. వచ్చి జవాబు చెప్పుకోవాలి. కమీషను తిని ఉంటే అదీ కక్కాలి, ఇల్లో బండో ఉంటే జప్తు కావచ్చు. ఆపైన ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను. అవ్వ తల ఊపింది. వెనక నిలబడ్డ నలుగురు ఆడవాళ్లు ఆమె ముఖం వైపే చూస్తున్నారు.

ఆ ఒక్క గడి నింపే పని వాళ్లకే వదిలేసి వచ్చాను. వారానికి దరఖాస్తుల కట్ట బస్సులో వచ్చింది. విప్పి చూసి మురిసిపోయాను. అన్నిటిలోనూ పదకొండో గడి నిండి ఉంది. అన్నిటిలోనూ ఒకే పేరు, తండ్రి పేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో. సాక్షులు తలా ఒక మాట చెప్పే లోకంలో అరవై మంది ఒకే మాట చెప్పడం ఎంత అపురూపమో మా వృత్తిలోవాళ్లకే తెలుసు. అందరి చేతా ప్రమాణం చేయించి, సంతకాలూ వేలిముద్రలూ వేయించి, తుమకూరులో దాఖలు చేశాను. అక్కడి గుమాస్తా కూడా, ఎంత చక్కగా నింపారు మేడం అన్నాడు. ఆ మనిషి ఎవరు, ఎలా ఉంటాడు, ఒకసారి మాట్లాడి చూద్దాం అన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు, నా పరువు మాత్రం దక్కేది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అవ్వ మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో మడిచిన కాగితం. ఒక అంచుకు గోధుమపిండి జిగురు, దానికి నీలం రంగు పెచ్చులు. ఇంట్లో అందరూ పనికి పోయినప్పుడు నోటీసు తెచ్చిన జవాను తలుపుకు అంటించి, ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడట. ఆమె దాన్ని తలుపు రంగుతో సహా పీకి తెచ్చింది. కన్నడం మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

"చదువు పాపా. గెట్టిగా చదువు."

చదివాను. ఫలానా ఆయన, ఫలానా ఆయన కొడుకు, ఈ ఊరి కాపురస్తుడు, అరవై మంది పేదలను నమ్మించి మోసగించి డబ్బు వసూలు చేసినట్టు ఫిర్యాదు వచ్చింది గనక స్వయంగా హాజరై జవాబు చెప్పుకోవలెను. ఈ నోటీసు మీ ఇంటికి ఎందుకొచ్చిందవ్వా, ఈయన మీకేమవుతాడు అని అడిగాను.

"మా ఇంటాయనే. సచ్చిపోయి నాలుగేండ్లాయ."

కంపెనీ ఆ ఊళ్లో అడుగుపెట్టి మూడేళ్లు కాలేదు. అరవై మంది నా ఎదుట దేవుడి మీద ప్రమాణం చేసి, ఒక చచ్చిపోయిన మనిషి చేతికి డబ్బిచ్చామని చెప్పారు. నేను కుర్చీలోంచి లేచాను. ఏం అరిచానో మొత్తం గుర్తులేదు. తప్పుడు ప్రమాణం అంటే ఏంటో తెలుసా, ఇది కంపెనీ లాయరుకు తెలిస్తే కేసు గంగలో కలుస్తుంది, నా కోటు కూడా దాంతోనే కలుస్తుంది అన్నట్టు గుర్తు. కింద మా నాన్న త్రాసు ఆపేసి మెట్ల దగ్గరికొచ్చి పైకి చూశాడు. అవ్వ నా అరుపు అయిపోయేదాకా ఓపిగ్గా ఆగింది, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. డబ్బు వసూలు చేసింది ఆమె అల్లుడే. ఒక్కతే కూతురు గనక అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకున్నారు. అతను పార్కు గేటు దగ్గర టోపీ పెట్టుకుని కాపలా ఉద్యోగం చేసేవాడు. కంపెనీవాళ్లకు టోపీ నచ్చి రసీదు పుస్తకం చేతిలో పెట్టారు. అందరికంటే ముందు తన డబ్బే కట్టాడు, తర్వాత ఊరందరి చేతా కట్టించాడు, వచ్చిన కమీషనుతో బైకు కొన్నాడు. ఇల్లరికపు అల్లుడంటే అక్కడ ఒక్క ఇంటి అల్లుడు కాదు, ఊరు మొత్తానికి అల్లుడు. చిన్నా పెద్దా అందరూ అల్లుడా అనే పిలుస్తారు. అల్లుడి మీద కేసు పెట్టడం ఊళ్లో ఎవరికీ చేతకాలేదు. పెట్టకపోతే డబ్బు రాదు. ఆడవాళ్లు కూర్చుని ఆలోచించారు. జైల్లో పెట్టడానికి వీల్లేని మనిషి ఒకరు కావాలి. అవ్వే తన మొగుణ్ణి ఇచ్చింది.

"బతికుండగా ఊరందరికీ జామీను సంతకాలు పెట్టినాయనే కదా పాపా. ఇదొగటి మోసినా ఏమీ అనుకోడులే అనుకొంటిమి" అంది.

నాకు నవ్వు వచ్చింది. ఆ కోపంలో కూడా వచ్చింది. చాలా మంది చాలా రకాలుగా నా చెవిలో పువ్వులు పెట్టారు గానీ, ఇంత మర్యాదగా ఎవరూ పెట్టలేదు. అయితే అవ్వ నవ్వడం లేదు. ఆ కాగితం మీద ఆయన పేరు ఉన్నచోటును బొటనవేలితో తుడుస్తోంది, జిగురు తుడిచినట్టు. నోటీసు రెండు రోజులు తలుపుకే ఉందట. చదువు వచ్చినవాళ్లు దారిన పోతూ పైకి చదివారట. బస్సు దిగిన పక్క ఊరివాళ్లు ఆగి, ఇంత మోసగాడా ఈయన, తెలియలేదే అనుకుంటూ వెళ్లారట.

"ఆయన పేరు తీసెయ్యి పాపా" అంది.

తీసేయడం ఒక్కటే కుదరదని చెప్పాను. అది తీస్తే ఆ చోట నిజం పేరు పెట్టాలి. మేం అబద్ధం ఆడామని అరవై మందీ మళ్లీ ప్రమాణం మీద ఒప్పుకోవాలి. అప్పుడైనా అధికారి నమ్ముతాడో, అందరినీ బయటికి పొమ్మంటాడో చెప్పలేను. ఊరుకున్నా ఆగదు, ఇవాళ కాకపోతే రేపు ఆయన చావు సర్టిఫికెట్టు కంపెనీ లాయరు చేతికి వస్తుంది, ఆ రోజుతో అందరి డబ్బూ పోయినట్టే. మా నాన్న పైకి మజ్జిగ పంపిస్తే అవ్వ తాగింది. రేపు పొద్దున పాల డైరీ కాడికి రా అని చెప్పి, కాగితం మడిచి రొంటిన దోపుకుని దిగిపోయింది. నేను వెళ్లి ఆమెను బస్సు ఎక్కించాల్సింది. ఎక్కించలేదు. నా కోటు గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆ ఊళ్లో పొద్దున ఆరున్నరకు అందరినీ ఒకేచోట చూడాలంటే డైరీ దగ్గరే చూడాలి. క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నేను వెళ్లేసరికి అందరికీ సంగతి తెలిసిపోయినట్టుంది, ఎవరూ నా కళ్లలోకి చూడడం లేదు. వరసలో నాలుగో మనిషి అల్లుడు. నేను అతన్ని చూడడం అదే మొదటిసారి. నలభై ఏళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు, మోసగాడి లక్షణాలు వెతికాను గానీ ఒక్కటీ దొరకలేదు. మళ్లీ సంతకాలు ఎందుకు కావాలో నిలబడి చెప్పాను. ముందుగా ఆ ఫీజు తగ్గించుకున్న ఆయనే, అల్లుని పేరు రాసేదానికి చెయ్యి రాదు మేడం, పోతే పోనీలే డబ్బు అన్నాడు. నలుగురైదుగురు అవునవునన్నారు. ఇది వాళ్ల మంచితనమే, కాదనను. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు అవ్వ వరస పక్కకొచ్చి నిలబడింది. గొంతు పెద్దది చేయలేదు. పాలు కొలిచేవాడు కొలత ఆపాడు కాబట్టి అందరికీ వినిపించింది.

"బతికుండేటోడు రేపు ఇంగో పని చేసి పేరు తెచ్చుకుంటాడు. సచ్చినాయనకు యాడ్నుంచి వస్తాదప్పా? ఆయన దాచుకునిపోయింది అదొగటే. అది కూడా నేనే తీసి పారేస్తి."

అల్లుడు క్యాను కింద పెట్టేసి ఇంటి వైపు వెళ్లిపోయాడు. పాలు పోయలేదు, వెనక్కి చూడలేదు. అతని వెనకే చూస్తున్న అవ్వ, అతను మలుపు తిరిగాక నా దగ్గరికొచ్చి ఎడమచేతి బొటనవేలు చాపింది. మొదటి వేలిముద్ర ఆమెదే. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఈసారి పదకొండో గడి నేనే నా చేత్తో నింపాను, అరవై సార్లు. మధ్యలో కూతురు వచ్చి ఆ వదిలేసిన క్యాను తీసుకుని, తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ వారంలోనే అదే ఇంట్లో వేరు పొయ్యి పెట్టిందని తర్వాత తెలిసింది.

విచారణ రోజు తుమకూరులో ఆఫీసు గేటు దగ్గర నిలబడి, ఊరి బండ్లు ఎప్పుడొస్తాయా అని చూస్తున్నాను. కంపెనీ లాయరు అప్పటికే వచ్చేశాడు, మా కొత్త ప్రమాణాలు చదువుకుని హుషారుగా ఉన్నాడు. అల్లుడు వస్తాడన్న ఆశ నాకు లేదు. పార్కు ఉద్యోగం మానేసి ఆంధ్ర వైపు ఎక్కడికో పోయాడని ఒకరు, పోలేదు ఇంట్లోనే పడుకుని ఉన్నాడని ఇంకొకరు చెప్పారు. అతను రాకపోతే మా దగ్గర ఉన్నదల్లా పేరు ఒక్కటే, రసీదు పుస్తకం లేదు. బండ్లు వచ్చాయి. అందరూ దిగారు. అందరికంటే చివర అవ్వ దిగింది. దింపుతున్న చెయ్యి అల్లుడిది. రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రసీదు పుస్తకం. ప్రాణం లేచొచ్చి, ఆ గేటు దగ్గరే అతన్ని నాలుగు తిట్టాను, ముందే చెప్పి ఉండొచ్చు కదా అని. తిట్లు తిని బుద్ధిగా నిలబడ్డాడు.

లోపల కంపెనీ లాయరు అరగంట మాట్లాడాడు. ఒకసారి ప్రమాణం చేసి అబద్ధమాడినవాళ్లను రెండోసారి ఎలా నమ్ముతారు అన్నదే అతని వాదనంతా. వాదన బాగానే ఉంది, అతని స్థానంలో ఉంటే నేనూ అదే వాదిస్తాను. అధికారి కళ్లజోడు తీసి, మీలో ఎవరైనా ఒకరు చెప్పండి, ఎందుకు అబద్ధం రాశారు అని కన్నడంలో అడిగాడు. అవ్వ లేచింది. మొదటి రెండు మాటలు కన్నడంలో మొదలుపెట్టి, తర్వాత తెలుగులోకి దిగిపోయింది. తిరిగి కన్నడంలో చెప్పే పని నాది. చచ్చినాయన్ని అయితే ఎవరూ ఏమీ చేయలేరని రాశాం సామీ, తప్పయింది అంది. అధికారి పెదవులు బిగించాడు, నవ్వును ఆపుకోవడానికే అని నా నమ్మకం. మరి నిజంగా డబ్బు తీసుకున్నది ఎవరు అని అడిగాడు.

"ఈయప్పే. మా అల్లుడు."

పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఆ రెండు మాటలూ కన్నడంలో చెప్పడానికి చాలా సమయం తీసుకున్నాను. అధికారి అతని వైపు చూస్తే అతను కవరులోంచి రసీదు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ప్రతి రసీదు సగం ముక్కా ఉంది. కంపెనీవాళ్లు ఫోన్లో పంపిన మాటలూ, బెంగళూరు హోటల్లో అతనికి దండ వేసి తీసిన ఫొటో కూడా ఉన్నాయి. ఊరు ఎక్కడుందో తెలియదన్న కంపెనీ డైరెక్టరు ఆ ఫొటోలో అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. కంపెనీ లాయరు దాన్ని చూసి, వాయిదా కావాలన్నాడు.

మా దరఖాస్తులు నిలబడ్డాయి. కంపెనీ ఆస్తి బెంగళూరులో జప్తు అయింది. ఇక్కడ బైకు కూడా జప్తు అయింది. అల్లుడు కేసులో పార్టీ అయ్యాడు. కమీషను తిన్నవాణ్ణి సాక్షిగా మాత్రమే వదలమని నేను ఎంత వాదించినా అధికారి ఒప్పుకోలేదు, ఆయన తప్పేం లేదు. ప్రతి వాయిదాకూ అతను తుమకూరుకు రావాలి. డబ్బు పంచడానికి ఇంకా చాలా మెట్లున్నాయి. ఎప్పుడని అవ్వ అడిగితే నాకు తెలియదనే చెబుతున్నాను. తెలిసినట్టు చెప్పే అలవాటు నాకు ఆ కేసుతో పోయింది.

వాయిదాలకు అవ్వ రావాల్సిన పని లేదు. ఆమె వాంగ్మూలం మొదటి రోజే అయిపోయింది. అయినా ప్రతిసారీ వస్తుంది. పొద్దున మొదటి బస్సుకు అల్లుడితో కలిసి ఎక్కి, మధుగిరి, కొరటగెరె మీదుగా ఆ కుదుపులన్నీ తిని, ఆ ఆఫీసు వరండాలో అతని పక్కన నేల మీద కూర్చుంటుంది. కేసు పిలిచినప్పుడు అతను లోపలికి పోతాడు, ఆమె తలుపు దగ్గర నిలబడుతుంది. మొన్నటి వాయిదాకు వాళ్ల దగ్గర ఒక సంగటి గిన్నె కనిపించింది. కూతురు కట్టి ఇచ్చిందట, ఇద్దరికీ ఒకే గిన్నెలో.

నాకు ఉండబట్టలేదు. ఈ వయసులో ఇంత దూరం ఎందుకవ్వా, నీకు ఇక్కడ పనేమీ లేదు కదా అన్నాను. సంగటి ముద్ద రెండుగా తుంచి, పెద్దది అల్లుడి వైపు జరుపుతూ చెప్పింది.

"చెప్పింది నేనే కదా పాపా. ఒక్కన్నే ఎట్ల పంపేది?"